కౌన్సిలర్ మీద ఫిర్యాదు మళ్లీ కౌన్సిలర్ చేతికే చేరితే ఎలా?

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్ గార్లకు, స్థానిక సంస్థల బాధ్యత చూసే అదనపు కలెక్టర్ గార్లకు, పురపాలక శాఖ ఉన్నతాధికారులకు నమస్కారాలు.

నేను ఈ ప్రాంతంలోని ఒక చిన్న మున్సిపాలిటీలో జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతాను. ఆధార్ కాపీలు, ఇంటి పన్ను రసీదులు, పెళ్లి పత్రికలు అన్నీ ఉంటాయి కానీ, నా దగ్గర ఎక్కువగా జరిగే పని దరఖాస్తులు రాసిపెట్టడం. సోమవారం వచ్చిందంటే కలెక్టర్ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయేవాళ్లు బస్సెక్కేముందు నా షాపు దగ్గర ఆగుతారు. పింఛను ఆగిపోయిందని, పాసుబుక్కులో పేరు తప్పు పడిందని, మోరీ పొంగి ఇంట్లోకి వస్తున్నదని చెబుతారు. నేను టైపు చేసి ఇస్తాను. ఏళ్ల తరబడి ఇదే పని కాబట్టి ఏ రకం పిటిషన్ ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు బాగానే తెలుసు. అందరూ ఎక్కువ భయపడుతూ రాయించుకునేది, అన్నిటికంటే ముందు ఆగిపోయేది ఒకటుంది. అది వార్డు కౌన్సిలర్ ప్రవర్తన మీద ఇచ్చే ఫిర్యాదు.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. కౌన్సిలర్ మీద వచ్చిన ఫిర్యాదు ఆ కౌన్సిలర్ రోజూ వచ్చిపోయే మున్సిపల్ ఆఫీసుకు పోకూడదు. ఫిర్యాదు ఇచ్చినవాళ్ల పేరు ఆయనకు తెలియకూడదు. విచారణ వేరే ఊరి అధికారి చేయాలి. ఏం తేలిందో ఫిర్యాదుదారుకు కాగితం మీద చెప్పాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు వస్తే చాలు.

ఊరి పేరు, వార్డు నంబరు, ఆ కౌన్సిలర్ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ముందు బయటపడేది ఆయన కాదు, ఫిర్యాదు ఇచ్చిన మనిషి. మా దగ్గర ఒక వార్డంటే నాలుగు గల్లీలు. ఎవరి గురించి రాశారో టీ తాగేలోపు తెలిసిపోతుంది. మీకు పోస్టులో పంపిన ప్రతిలో నా పేరు, ఫోన్ నంబరు, మిగతా వివరాలన్నీ ఉన్నాయి. ఇంకో సంగతి. నేను చెప్పేవి 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గం ఉన్న కాలంలో జరిగినవి. దాని గడువు 2025 జనవరిలో ముగిసింది, ఆ తరువాత ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. పదవి దిగిపోయిన మనిషి మీద కక్ష తీర్చుకోవాలని నాకు లేదు. కుర్చీలో మనుషులు మారతారు. పిటిషన్ నడిచే దారి మాత్రం అప్పుడెట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది, నా బాధ దాని గురించే.

ఒక అక్క సంగతి చెబుతాను. పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లులో పని చేస్తుంది, మిగతా రోజుల్లో కూలీకి పోతుంది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. అత్తగారింటి వాటాగా వచ్చిన డెబ్బై గజాల జాగాలో రెండు గదులు వేసుకోవాలనుకున్నారు. ఇలాంటివాళ్లకు 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం పెద్ద మేలు చేసింది. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. ఇళ్ల అనుమతులకు ప్రభుత్వం పెట్టిన టీఎస్ బీపాస్ వెబ్‌సైట్‌లో ఆ నమోదు నేనే చేసిపెట్టాను. రసీదు ప్రింటు తీసిస్తే, చినిగిపోతుందేమోనని లామినేషన్ కూడా చేయించుకుని పోయింది.

పునాది తవ్వినప్పుడు ఎవరూ రాలేదు. గోడలు లేచినప్పుడూ రాలేదు. సెంట్రింగ్ బిగించి, ఇనుము కట్టి, తెల్లారితే స్లాబ్ పోస్తారనగా సాయంత్రం ఇద్దరు బండి మీద వచ్చారు. "సార్‌ను కలిసినవా అక్కా?" అని అడిగారు. స్లాబ్ ముందే ఎందుకు వస్తారో ఇల్లు కట్టినవాళ్లందరికీ తెలుసు. కాంక్రీట్ మిల్లర్‌కు, కూలీల జట్టుకు మాట్లాడి ఉంటుంది, సిమెంటు బస్తాలు దిగి ఉంటాయి. ఒక్కరోజు తప్పితే మేస్త్రీ ఇంకో పనికి పోతాడు, సెంట్రింగ్ సామాను కిరాయి మీద పడుతుంది. ఆ పూట ఎంత అడిగినా అప్పు చేసైనా ఇస్తారు. అక్క తన రసీదు తెచ్చి చూపించింది. "అది మున్సిపాలిటీకి కట్టినవ్. మరి వార్డుకు?" అన్నారట.

ఆమె దగ్గర ఇవ్వడానికి లేవు. స్లాబ్ పోసేసుకున్నారు. ఆ వారంలోనే మెట్లు రోడ్డు మీదికి వచ్చాయని, కూలగొట్టాల్సి వస్తుందని ఆఫీసు నుంచి మనుషులు వచ్చారు. ఆ గల్లీలో మెట్లు రోడ్డు మీదికి రాని ఇల్లు వెతికినా దొరకదు. నిబంధనలు మీరి కట్టినదాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం కొత్త చట్టం ఇచ్చింది. అక్రమ కట్టడాల కోసం తెచ్చిన నిబంధన అది. మా దగ్గర దాన్ని రెండు గదుల ఇల్లు చూపించి బెదిరించడానికి వాడారు. చట్టం తెలియని మనిషికి "నోటీసు కూడా ఇయ్యం" అనే మాట చాలు, నిద్ర పట్టదు.

అక్క నా దగ్గరికి వచ్చింది. మొదట గట్టిగానే చెప్పింది. ఎవరు వచ్చారు, ఎంత అడిగారు, ఏమన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నీ చెప్పింది. టైపు చేసి చదివి వినిపించాను. వింటుంటే ముఖం మారింది. "అన్నా, కౌన్సిలర్ అని ఉన్నకాడ కొందరు వ్యక్తులు అని పెట్టరాదె" అన్నది. పెట్టాను. కాసేపాగి, "పైసలు అడిగిండ్రు అన్నది తీసెయ్. ఇబ్బంది పెడుతుండ్రు అని రాయి" అన్నది. అదీ మార్చాను. చివరికి కాగితం మీద మిగిలింది ఇదీ: మా ఇంటి నిర్మాణానికి కొందరు వ్యక్తులు ఇబ్బంది కలిగిస్తున్నారు, తమరు దయతో న్యాయం చేయగలరు. దీన్ని చదివి ఎంత మంచి అధికారైనా ఏం చేయగలడు? కౌన్సిలర్ల మీద మీకు వచ్చే ఫిర్యాదులు ఎందుకంత పొడిపొడిగా ఉంటాయో, వివరాలు లేవని మీవాళ్లు ఎందుకు పక్కన పెడతారో నాకు అర్థమయ్యేది ఇక్కడే. రాయించుకునేవాళ్లకు వివరాలు తెలియక కాదు. వాటిని నా కంప్యూటర్ ముందే చెరిపించుకుంటారు.

ఇట్లా ఇస్తే ఇచ్చినా ఇవ్వకున్నా ఒకటేనని అక్కకు చెప్పాను. ఆమె భర్తకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. మొదటి ప్రతినే తీయమన్నది. పేరు, తేదీ, అడిగిన మొత్తం అన్నీ ఉన్న కాగితం మీద సంతకం పెట్టి, సోమవారం పోయి ఇచ్చి, రసీదు తెచ్చుకుంది.

తరువాతి సోమవారం రాకముందే ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఫోన్ తీసి ఆమెకు ఒక ఫోటో చూపించారు. నేను టైపు చేసిన పేజీ అది. పైన ప్రజావాణిలో వేసిన ముద్ర, పక్కన కింది ఆఫీసుకు పంపుతూ పచ్చ ఇంకుతో రాసిన రాత, రెండూ ఆ ఫోటోలో కనిపించాయట. ఆమె రాయించిన మాటనే ఆమెకు చదివి వినిపించి, "నీకు ఇంత ధైర్యం ఎవరిచ్చిండ్రు?" అని అడిగారట. ఆ సాయంత్రం అక్క నా షాపుకు వచ్చి ఏమీ అనలేదు. లోపల జిరాక్స్ మిషన్ పక్కన ఉన్న స్టూలు మీద కాసేపు కూర్చుని పోయింది.

ఆ ఫోటో ఎవరు తీశారో నాకు తెలియదు. ఫలానా ఉద్యోగి అని వేలు పెట్టి చూపించను. మీరు ఒక్కసారి ఆ కాగితం నడిచిన దారి చూడండి. జిల్లా ఆఫీసులో తీసుకున్నారు. సంబంధిత శాఖకు అని రాసి మున్సిపల్ కమిషనర్‌కు పంపారు. అక్కడి నుంచి సెక్షన్‌కు, సెక్షన్ నుంచి వార్డు చూసే సిబ్బందికి వచ్చింది, విచారించి నివేదిక ఇవ్వగలరు అనే మాటతో. మోరీ మీద పిటిషన్‌కు ఈ దారి సరైనదే, ఎందుకంటే మోరీ తీయాల్సింది మున్సిపాలిటీయే. కౌన్సిలర్ మీద పిటిషన్‌ను కూడా ఇదే దారిలో పంపడం దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టు. ఆ కింది టేబుళ్ల దగ్గర కూర్చునేవాళ్లకు కౌన్సిలర్‌తో రోజూ పని ఉంటుంది. చాలామంది అవుట్‌సోర్సింగ్ మీద ఉన్నవాళ్లు. రేపు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి, తన ముందుకొచ్చిన కౌన్సిలర్ మీద కాగితాన్ని ఎట్లా విచారిస్తాడు? ముందు ఆయనకే ఫోన్ చేసి, "అన్నా, నీ మీద ఒకటి వచ్చింది" అని చెబుతాడు. ఆ స్థితిలో అతన్నీ పెట్టింది ఈ పద్ధతే.

కొంతకాలానికి ఆ పిటిషన్ పరిష్కారమైనట్టు చూపించారు. అక్క సగం డబ్బు ఇచ్చింది, మిల్లులో అడ్వాన్స్ తీసుకుని. పరిష్కారమైందని రాసింది దాన్నే. అంతటితో అయిపోయినా బాగుండేది. ఆ ఎండాకాలం ట్యాంకర్ ఆ గల్లీ మొదట్లోనే ఆగి వెనక్కి మళ్లడం మొదలైంది. ఫ్లోరైడ్ వల్ల బోరు నీళ్లు నోట పెట్టలేని ఊర్లు మావి, ట్యాంకర్ ఎంత ముఖ్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు. గల్లీ చివర ఆమె నీలం డ్రమ్ము, దాని చుట్టూ బిందెలు, పక్కింటివాళ్ల బిందెలు కూడా, మధ్యాహ్నం దాకా అట్లాగే ఉండేవి. పక్కింటివాళ్లు ఆమెనేమీ అనలేదు కానీ, ఎవరి వల్లో వాళ్లకు తెలుసు. దీన్ని ఏ కేసు కింద పెట్టాలి? ట్యాంకర్ ఎందుకు రాలేదంటే రివర్స్ తీయడానికి జాగా లేదంటారు. సాక్ష్యం లేని శిక్ష ఇది. ఫిర్యాదు చేసినవాళ్లకు పడే శిక్షలన్నీ దాదాపు ఇట్లాంటివే.

చట్టంలో బలం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2019 చట్టం పదవిని దుర్వినియోగం చేసిన, విధుల్లో నిర్లక్ష్యం చేసిన ప్రజాప్రతినిధి మీద చర్య తీసుకునే అధికారాన్ని కలెక్టర్ చేతిలోనే పెట్టింది. వార్డులో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే కౌన్సిలర్ జవాబుదారీ అని కూడా ఆ చట్టం చెప్పింది. మొక్క విషయంలో అంత పట్టింపు చూపిన చట్టం ఇల్లు కట్టుకునే మనిషి విషయంలో చూపకూడదని నేననుకోను. కౌన్సిలర్ ప్రభుత్వోద్యోగి కాదు కదా, అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) ఏం చేస్తుంది అనేవాళ్లు మా ఊర్లో చాలామంది ఉన్నారు. అది తప్పు. 2013లోనే సుప్రీంకోర్టు రాజస్థాన్‌కు చెందిన ఒక కౌన్సిలర్ కేసులో, మున్సిపల్ కౌన్సిలర్ అవినీతి నిరోధక చట్టం కిందికి వస్తాడని తేల్చి చెప్పింది. ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064. లంచం ఇచ్చినవాళ్లదీ నేరమేనని 2018 సవరణ తరువాత చాలామంది భయపడి నోరు విప్పడం లేదు. నిజమే, ఇవ్వడమూ నేరమే. అయితే బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవాళ్లు ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసుకో దర్యాప్తు సంస్థకో చెబితే వాళ్లకు రక్షణ ఉంది. ఈ ఏడు రోజుల సంగతి మా వార్డులో ఎవరికీ తెలియదు. ఏ మున్సిపల్ ఆఫీసు గోడ మీదైనా పెద్ద అక్షరాలతో రాయించాల్సిన మాట ఇది.

అయినా ఏసీబీ డబ్బు చేతులు మారే చోట పనికొస్తుంది. ట్యాంకర్ ఆపడం, లబ్ధిదారుల జాబితాలో పేరు కొట్టేయించడం, పది మందిలో తిట్టడం, తనవాళ్ల పేరుతో తానే కాంట్రాక్టు చేస్తూ ఆ పని మీద ఎవరూ మాట్లాడకుండా చూసుకోవడం, ఇవన్నీ ప్రవర్తనకు సంబంధించినవి. వీటిని వినాల్సింది మీరు. వినడానికి ఇప్పుడున్నది సోమవారం ప్రజావాణి ఒక్కటే. హైదరాబాద్‌లో రాష్ట్రమంతటి ఫిర్యాదులు తీసుకునే ప్రజాభవన్‌కు మంగళ, శుక్రవారాల్లో పోయి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ కాగితం కూడా తిరిగి తిరిగి జిల్లాకే, జిల్లా నుంచి మా ఆఫీసుకే వస్తుంది.

వార్డు కమిటీల మాట కూడా చెప్పాలి. ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది, సగం మంది మహిళలు ఉండాలని చట్టంలో రాశారు. మంచి ఆలోచన. మా ఊర్లో ఆ కమిటీల్లో ఎవరెవరున్నారో ఆ వార్డువాళ్లకే తెలియదు. తెలిసినవాళ్లు చెప్పిన పేర్లన్నీ కౌన్సిలర్ వెంట తిరిగేవాళ్లవి.

ఇంకొకటి అన్నిటికంటే చిక్కుగా ఉంటుంది. సగం సీట్లు మహిళలకు రిజర్వు అయ్యాయి, చాలా సంతోషించాల్సిన విషయం. ఇంటిపనీ వార్డుపనీ రెండూ చూసుకుంటూ మీటింగులో నిలబడి నీళ్ల గురించి అడిగిన ఆడమనిషిని నేను చూశాను. కానీ కొన్ని వార్డుల్లో గెలిచింది భార్య, తిరిగేది భర్త. ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో పెద్దగా, ఆమె ఫోటో చిన్నగా ఉంటుంది. ఆఫీసులో ఆయననే కౌన్సిలర్ సాబ్ అంటారు. స్లాబ్ రోజు మనుషుల్ని పంపేది ఆయనే. పిటిషన్ రాయాల్సి వచ్చినప్పుడు ఎవరి పేరు రాయాలి? భర్త పేరు రాస్తే, ఆయన ప్రజాప్రతినిధి కాదు కాబట్టి మా పరిధిలోకి రాదని జవాబు వస్తుంది. భార్య పేరు రాస్తే, ఆమె నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదే, ఆమె మీద ఎట్లా రాసేది అని ఫిర్యాదు ఇచ్చేవాళ్లే వెనక్కి తగ్గుతారు. ఇట్లా మధ్యలో పడి పోయిన ఫిర్యాదులు నేను చాలా చూశాను. సభ్యురాలి తరఫున ఎవరు పెత్తనం చేసినా దానికి ఆ పదవే జవాబుదారీ అని, వేరేవాళ్లు ఆఫీసులో కూర్చుని ఫైళ్లు చూడకూడదని మీ ఉత్తర్వులో ఒక్క వాక్యం ఉంటే, ఆ అమ్మలకు కూడా ఇంట్లో చెప్పుకోవడానికి ఒక అండ దొరుకుతుంది.

కౌన్సిలర్లందరూ ఇట్లాంటివాళ్లని నేను అనడం లేదు. తెల్లవారకముందే లేచి వాల్వు తిప్పేచోట నిలబడి, కింది గల్లీకి నీళ్లు అందాకే ఇంటికి పోయేవాళ్లు మా ఊర్లోనే ఉన్నారు. కౌన్సిలర్ చేతిలో చెక్కు పవర్ ఉండదు. తీర్మానం కావాలి, నిధులు రావాలి, కాంట్రాక్టర్ దొరకాలి. రోడ్డు పడలేదని కౌన్సిలర్ ప్రవర్తన బాగాలేదని రాయమంటే నేను రాయను, అది వేరే దరఖాస్తు అని చెబుతాను. ఎన్నికల్లో ఓడినవాళ్లు గెలిచినవాళ్ల మీద రాయించడానికి వస్తారు. ఏ రోజు జరిగింది, ఎక్కడ, ఎవరు చూశారు అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండదు. తప్పుడు ఫిర్యాదులు ఉంటాయి కాబట్టే పద్ధతి ప్రకారం విచారణ కావాలంటున్నాను. మంచి కౌన్సిలర్‌కు కూడా అదే రక్షణ. వేరే ఊరి అధికారి వచ్చి విచారించి ఏమీ లేదని రాసిస్తే, ఆ కాగితం చూపించి ఆయన తలెత్తుకుని తిరగవచ్చు. ఇప్పుడు ఆయనకూ ఆ అవకాశం లేదు, ఊర్లో గుసగుసలే మిగులుతాయి.

ఇదేమీ కానిపని కాదు. కేరళలో పంచాయతీలు, మున్సిపాలిటీల మీద ఫిర్యాదులు వినడానికే ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్ ఉన్నారు, హైకోర్టు జడ్జిగా పనిచేసినవారు. అక్కడ ఎన్నికైన సభ్యుడి మీద కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. స్థానిక సంస్థలకు ఇట్లాంటి అంబుడ్స్‌మన్ ఉండాలని కేంద్రం వేసిన రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2007లోనే సిఫార్సు చేసింది. ఇంగ్లండ్‌లో 2011 చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్‌కూ సభ్యుల ప్రవర్తనా నియమావళి రాసుకోవాలి, ఫిర్యాదు విచారించాక తేల్చేముందు కౌన్సిల్‌తో సంబంధం లేని స్వతంత్ర వ్యక్తి అభిప్రాయం తీసుకోవాలి. అయితే అక్కడ తప్పు తేలినా సభ్యుణ్ని సస్పెండ్ చేసే అధికారం కౌన్సిల్‌కు లేకుండా పోయిందని చాలా ఏళ్లుగా విమర్శలు ఉన్నాయి. మన దగ్గర చర్య తీసుకునే అధికారం ఉంది. ఆ అధికారం ఉన్న మనిషి దాకా బాధితుడి కాగితం భద్రంగా చేరడమే లేదు.

అంబుడ్స్‌మన్ వచ్చేదాకా ఆగమని నేను అడగడం లేదు. 2020 ఫిబ్రవరి నుంచి ప్రతి జిల్లాకూ స్థానిక సంస్థలు చూసే అదనపు కలెక్టర్ ఉన్నారు. ప్రజావాణిలో కౌన్సిలర్ మీద వచ్చిన కాగితం కవరులో పెట్టి నేరుగా ఆయన టేబుల్ మీదికి పోవాలి, అక్కడే ఆగాలి. కింది ఆఫీసు నుంచి రికార్డు కావాలంటే రికార్డు ఒక్కటే అడగాలి. ఫలానా వార్డులో ఈ మధ్య నమోదైన ఇళ్ల ఫైళ్లన్నీ పంపండి అంటే సరిపోతుంది, ఎవరు ఫిర్యాదు ఇచ్చారో వాళ్లకు చెప్పక్కర్లేదు. ఫిర్యాదు ఇచ్చిన ఒక్క ఇంటికి పోకుండా ఆ గల్లీలో కట్టిన ఇళ్లన్నిటికీ పోయి అడిగితే, ఎవరి పేరూ బయటికి రాదు, నలుగురు కలిసి చెప్పే ధైర్యమూ వస్తుంది. నిజంగా చెబుతున్నాను, ఒకరిని అడిగినవాళ్లు ఒకరితోనే ఆగి ఉండరు. విచారణకు వచ్చే అధికారి పక్క మున్సిపాలిటీ నుంచి రావాలి. విచారణ జరిగే రోజుల్లో, ముగిసిన తరువాత కొంతకాలం, ఆ ఇంటి మీద టౌన్ ప్లానింగ్ వాళ్లు ఏ చర్య తీసుకోవాలన్నా మీ అనుమతి తీసుకోవాలి. ఆరోపణ ఎదుర్కొన్న కౌన్సిలర్ వివరణ కూడా రాతలో తీసుకోవాలి. చివర ఏం తేలింది, ఎందుకు అట్లా తేలింది అని ఒక పేజీ జవాబు ఫిర్యాదుదారుకు ఇవ్వాలి. పరిష్కారమైంది అనే ఒక్క ముక్కతో ఫైలు మూసే అలవాటు ఈ ఫిర్యాదుల వరకైనా మానిపించండి.

పేరు లేని ఫిర్యాదుల మాట వస్తుంది. వాటిని పట్టించుకోవద్దని మీకు నిబంధనలు ఉండవచ్చు. పేరు పెట్టి ఇచ్చేవాళ్లను కాపాడితే పేరు లేనివి వాటంతటవే తగ్గుతాయి.

ఈ లేఖ చదివే మా ఊర్లవాళ్లకు కూడా రెండు మాటలు. కౌన్సిలర్ మీద రాయించేటప్పుడు తిట్లు వద్దు, పాత పగలు వద్దు. జరిగిన రోజు, చోటు, అన్న మాట అన్నట్టు, పక్కన ఉన్నవాళ్లు, ఇవి ఉంటే చాలు. మీ ఇంటి రసీదులు, ఫోటోలు, ఫోన్ కాల్ వచ్చిన టైము దాచుకోండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేయించుకోండి. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే, పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు వేసి, నా పిటిషన్ ఏ తేదీన ఎవరి టేబుల్ దగ్గర ఉంది, ఎవరు ఏం రాశారు, నకళ్లు ఇవ్వండి అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు ఉంది. ఆ ఒక్క ప్రశ్నకు ఆఫీసులు చాలా జాగ్రత్తగా జవాబిస్తాయి. గల్లీలో నలుగురు కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది. ఒక్కరినైతే బెదిరిస్తారు, గల్లీ మొత్తాన్ని బెదిరించలేరు.

సార్లూ, మేడమ్ గార్లూ, పోస్టులో మీకు చేరిన ప్రతితో పాటు ఆ అక్క పిటిషన్ నకలు, రూపాయి రసీదు నకలు ఆమె అనుమతితోనే జత చేశాను. నన్ను అడిగి, ఇంట్లో అందరితో మాట్లాడి, మళ్లీ ఇద్దామనే అన్నది. దాన్ని సంబంధిత శాఖకు అని రాసి కిందికి పంపకండి. మీరే చదివి మీ దగ్గరే ఉంచండి. ఏమైనా అడగాలంటే నా నంబరుకు ఫోన్ చేయండి, ఆమె ఇంటికి మనిషిని పంపకండి. మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి ఆమెను నేనే తీసుకుని వస్తాను.

ఇట్లు,
దరఖాస్తులు రాసిపెట్టే ఒక డీటీపీ సెంటర్ యజమాని,
దక్షిణ తెలంగాణ